పన్ను కట్టనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి

పన్నుల మీద ఒకే ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, తర్వాత మా బాబాయి పంపాడు, ఆ తర్వాత పాత ఆఫీసు గ్రూపు, నిన్న రాత్రి పదకొండింటికి నేను ఎంతో గౌరవించే ఒక అన్నయ్య. "తప్పకుండా చదువమ్మా, కళ్ళు తెరుచుకుంటాయి" అని పైన ఒక ముక్క చేర్చి మరీ పంపారు. మొదటి మూడుసార్లు చదివి ఊరుకున్నాను. నాలుగోసారి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా.

ఆ మెసేజ్ ఇంకా అందనివాళ్లకి సారాంశం ఇది. ఆదాయపు పన్ను కట్టే గుప్పెడు మందే దేశాన్ని మోస్తున్నారు, మిగతావాళ్లు కూర్చుని తింటున్నారు. పూర్వం రాజులు పంటలో ఆరోవంతే తీసుకునేవాళ్లు, జనం హాయిగా ఉండేవాళ్లు. అందరికీ ఒకే పన్ను వేయడమే అసలైన సమానత్వం. పన్నులు తగ్గిస్తే ఖజానా దానంతటదే నిండుతుంది. వారసత్వం మీద పన్ను అంటే శవం మీద చిల్లర ఏరుకోవడం. డబ్బున్నవాళ్ల మీద పన్ను వేస్తే చివరికి దెబ్బ తగిలేది పేదవాడికే. ఇన్నీ చెప్పి, ఆఖర్న అసలు మాట: పన్ను కట్టేవాడికే ఓటు ఉండాలి.

రాజుల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ఆరోవంతు లెక్క పాత గ్రంథాల్లో ఉన్నమాట నిజమే. అయితే దాని పక్కనే సుంకాలున్నాయి, 'బలి' అనే ఇంకో పన్ను ఉంది, విష్టి ఉంది. విష్టి అంటే కూలి లేకుండా చేసిపెట్టాల్సిన పని, మన 'వెట్టి' అక్కడినుంచి వచ్చిన మాటే. డబ్బు బదులు ఒళ్ళు హూనం చేయించుకుంటే అది పన్ను కాకుండా పోతుందా?

అందరికీ ఒకే పన్ను అన్నది కొత్త ఆలోచన కాదు, వేసి చూశారు. ఇంగ్లండ్‌లో 1377లో తలకు నాలుగు పెన్నీలు వసూలు చేశారు. 1380 చివర్లో పదిహేనేళ్లు దాటిన ప్రతి తలకూ ఒక షిల్లింగ్ అన్నారు, అంటే పన్నెండు పెన్నీలు, మూడేళ్లలో మూడు రెట్లు. 1381లో రైతులు కత్తులూ కొడవళ్లూ పట్టుకుని లండన్‌లోకి వచ్చేశారు. ఆరువందల ఏళ్లు గడిచాక బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం మళ్ళీ తలపన్నే తెచ్చింది, 1989లో స్కాట్లండ్‌లో, మరుసటేడు ఇంగ్లండ్, వేల్స్‌లో. బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి రాయితీ ఇచ్చినా, ఒకే ఊళ్లో ఉన్నంత వరకు భవంతిలోని ప్రభువుకీ ఆయన వీధిలో చెత్త ఎత్తే మనిషికీ ఒకటే మొత్తం. 1990 మార్చి 31న లండన్ నడిబొడ్డున అల్లర్లు జరిగాయి, నవంబరులో థాచర్ దిగిపోయారు, అందుకు ఉన్న కారణాల్లో ఇదొకటి, 1993కల్లా ఆ పన్నే పోయింది. సమానత్వం పేరు పెట్టినంత మాత్రాన భారం సమానం అవదని రెండుసార్లు తేలింది. చాలు.

ఇక "మోసేవాళ్లు, తినేవాళ్లు" దగ్గరికి వద్దాం. నాకు నిద్ర పట్టనివ్వని రెండు మాటల్లో ఇది మొదటిది.

ఈరోజు పొద్దున మా ఇంట్లో పనిచేసే ఆవిడ తన ఫోన్‌కి రీఛార్జ్ చేసిపెట్టమంది. చేశాక వచ్చిన రసీదు తెరిచి చూశాను. సేవకి ఇంత అని ఒక వరుస, దాని కింద పన్ను ఇంత అని ఇంకో వరుస. ఆవిడకి చూపిస్తే "దీనికి కూడా పన్నా అమ్మా? నేనెప్పుడూ కట్టలేదే" అంది. ఆవిడ ఆ ఫోన్ కొన్నప్పటినుంచీ కడుతూనే ఉంది. సబ్బు కొన్నప్పుడు కట్టింది, చెప్పులు కొన్నప్పుడు కట్టింది, ఆవిడ ఎక్కిన ఆటోలో పోసిన పెట్రోలు మీద కట్టింది. ఏ కాగితమూ ఆవిడని "పన్ను చెల్లింపుదారు" అని పిలవలేదు, అంతే తేడా. నాకు నెలనెలా జీతం స్లిప్ వస్తుంది, అందులో కోత అంకెతో సహా కనిపిస్తుంది, ఆ అంకె చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. కనిపించే పన్ను మీద కోపం వస్తుంది, ధరలో కలిసిపోయిన పన్ను మీద రాదు. ఈ మెసేజ్ బలమంతా అక్కడే ఉంది. కనబడేదాన్ని మాత్రమే లెక్కపెట్టి, కనబడనిది కట్టేవాళ్లని సోమరులని తిడుతుంది.

లెక్క కూడా చూడండి. ఒకరి సంపాదన వంద, అందులో తొంభై అయిదు ఖర్చయిపోతుంది. ఇంకొకరిది వెయ్యి, నాలుగు వందలు ఖర్చుపెట్టి మిగతాది దాచుకుంటారు. ఖర్చు మీద నూటికి పది పన్ను అనుకుందాం. మొదటి మనిషి సంపాదనలో నూటికి తొమ్మిదిన్నర పోతుంది, రెండో మనిషికి నూటికి నాలుగు. తక్కువ ఉన్నవాడి దగ్గర ఎక్కువ వంతు పోతోంది, వాడి పేరు ఏ జాబితాలోనూ లేదు.

అసలు ఆదాయపు పన్ను పుట్టిందే ఎప్పుడు? బ్రిటన్‌లో ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చుల కోసం విలియం పిట్ దాన్ని 1799లో తెచ్చాడు. అమెరికాలో ఇప్పుడున్నది 1913 రాజ్యాంగ సవరణతో వచ్చింది. అంతకుముందు రాజ్యాలు లేవా, సైన్యాలు లేవా, కోటలు కట్టలేదా? ఆ డబ్బంతా ఎవరిచ్చారు? ఉప్పు కొన్నవాళ్లిచ్చారు, దీపం వెలిగించుకున్నవాళ్లిచ్చారు, పొలం దున్నినవాళ్లిచ్చారు. విప్లవానికి ముందు ఫ్రాన్స్‌లో ఉప్పు పన్ను భారీగా ఉన్న ప్రాంతాల్లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఏటా ఇంత ఉప్పు కొనితీరాల్సిందే. అవసరం లేకపోయినా కొనాలి, పన్నుతో సహా. ప్రభువులకి, మఠాధిపతులకి మినహాయింపులు. అప్పట్లో ఫార్వర్డ్‌లు ఉండి ఉంటే ఆ ప్రభువులు కూడా ఇదే పంపేవాళ్లేమో, దేశాన్ని మేమే మోస్తున్నామని!

మన దగ్గర గాంధీ 1930లో ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు? ఉప్పేమిటి, ఇదీ ఒక పోరాటమేనా అని కాంగ్రెస్‌లోనే కొందరు పెదవి విరిచారు. వైస్రాయ్ ఇర్విన్‌కి రాసిన ఉత్తరంలో ఆయన చెప్పింది ఒకటే, పేదవాడి వైపు నుంచి చూస్తే అన్నిటికన్నా అన్యాయమైన పన్ను ఇదేనని. భూమి లేనివాడు, జీతం లేనివాడు, ఆస్తి లేనివాడు కూడా ఆ పన్ను తప్పించుకోలేడు. ఇరవై నాలుగు రోజులు నడిచి దండి చేరింది ఆ "కట్టనివాళ్ల" తరఫునే.

2012లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన మిట్ రామ్నీ కూడా సరిగ్గా ఈ మెసేజ్ మాటే అన్నారు. జనంలో 47 శాతం మంది ఆదాయపు పన్ను కట్టరు, వాళ్లు ప్రభుత్వం మీద ఆధారపడి బతుకుతారని విరాళాలు ఇచ్చేవాళ్ల ముందు మాట్లాడిన వీడియో బయటపడింది. ఆ 47 శాతంలో సగానికి పైగా జీతం మీద కోసే వేరే పన్ను కడుతున్నవాళ్లే. మిగిలినవాళ్లలో చాలామంది పని వయసు దాటిన ముసలివాళ్లు. అంతకు ముందు ఏడాదే, అంటే 2011లో, అపర కుబేరుడు వారెన్ బఫెట్ తనంతట తానే లెక్క బయటపెట్టారు: పన్ను పడే తన ఆదాయంలో కట్టింది 17.4 శాతం, తన ఆఫీసులో పనిచేసే మిగతా ఇరవైమంది సగటున కట్టింది 36 శాతం. ఎవరు ఎవర్ని మోస్తున్నట్టు?

ఇప్పుడు ఓటు. మిగతావన్నీ తెలియక అన్న మాటలని సరిపెట్టుకుంటాను గానీ దీన్ని సరిపెట్టుకోలేను. నాకు ఈ మెసేజ్ పంపిన నలుగురూ మంచివాళ్లే. అందులో ఒకరు ఊళ్లో బడి కట్టించడానికి సొంత డబ్బు ఇచ్చినవాళ్లు. వాళ్లు కూడా ఈ వాక్యం చదివి బొటనవేలు పైకెత్తి పంపేస్తున్నారంటే భయం వేస్తోంది.

పన్ను బట్టి ఓటు అన్నది ఊహ కాదు, జరిగింది. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో 1849 నుంచి 1918 వరకు నడిచింది. మొత్తం పన్నుని మూడు సమాన భాగాలు చేసేవాళ్లు. మొదటి భాగం కట్టే కొద్దిమంది పెద్ద ధనికులు ఒక తరగతి, రెండో భాగం కట్టే మధ్యరకం వాళ్లు రెండో తరగతి, మిగిలిన ఓటర్లంతా మూడోది. మూడు తరగతులకీ సమానమైన బలం. ఎస్సెన్ నగరంలో ఉక్కు ఫ్యాక్టరీల యజమాని ఆల్‌ఫ్రెడ్ క్రుప్ ఒక దశలో మొదటి తరగతి మొత్తానికీ ఒక్కడే ఓటరు. నగర మండలిలో మూడో వంతు సభ్యుల్ని ఆయన ఒక్కడే ఎన్నుకునేవాడు. ఆయన ఫ్యాక్టరీల్లో కొలిమి ముందు నిలబడ్డ వేలమంది కార్మికులు అందరూ కలిసినా వాళ్ల వంతు ఇంకో మూడో వంతే. మెసేజ్ పంపినవాళ్లని అడుగుతున్నా, ఈ లెక్కన మీరు ఏ తరగతిలో ఉంటారు? క్రుప్ తరగతిలోనా? మీ జీతం, నా జీతం కలిపినా మూడో తరగతి దాటం. గేటు మూసేటప్పుడు మనం లోపలే ఉంటామని ఎలా అనుకున్నారు?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇంకో రకం. వర్జీనియాలో ఓటు వేయాలంటే ఏడాదికి డాలరున్నర తలపన్ను, అది కూడా మూడేళ్ల బాకీ కలిపి, ఎన్నికలకి ఆరునెలల ముందే కట్టి ఉండాలి. చిన్న మొత్తమే కదా అనిపిస్తుంది. చిన్న మొత్తమే లేనివాళ్లెవరో వాళ్లని ఆపడానికే అది పెట్టారు. నల్లవాళ్లని ఆపింది, వాళ్లతోపాటు పేద తెల్లవాళ్లనీ ఆపింది. 1964లో రాజ్యాంగ సవరణతో జాతీయ ఎన్నికల్లో పోయింది, 1966లో సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్ర ఎన్నికల్లో కూడా పోయింది.

"ఓటు అందరికీ ఇస్తే కట్టనివాళ్లంతా కలిసి కట్టేవాళ్లని పీల్చేస్తారు" అని మెసేజ్ భయపెడుతోంది. దీనికి తలకిందులుగా జరిగిన కథ చెప్తాను. 1816 నాటి బ్రిటిష్ పార్లమెంటుని ఎన్నుకున్నది ఆస్తిపాస్తులు ఉన్న కొద్దిమందే. నెపోలియన్ యుద్ధాలు ముగిశాయి, దేశం నెత్తిమీద కొండంత అప్పు. అప్పుడు ఆ పార్లమెంటు ఏం చేసింది? ముందు తమ ఆదాయపు పన్నుని రద్దు చేసుకుంది. అంతటితో ఆగలేదు, ఆ పన్ను తాలూకు రికార్డులన్నీ నాశనం చేయమని ఆదేశించింది. మరి అప్పు ఎవరు తీర్చారు? ఉప్పు పన్ను 1825 వరకు ఉంది, కొవ్వొత్తుల మీద పన్ను 1831 వరకు ఉంది, సబ్బు మీద పన్ను 1853 వరకు ఉంది. ఓటు ఉన్నవాళ్లు తమ భారం దించుకుని ఓటు లేనివాళ్ల నెత్తిన పెట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. పీల్చేవాళ్లు ఎవరని అడిగితే చరిత్ర ఇచ్చే జవాబు మెసేజ్‌కి నచ్చదు.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. బ్రిటిష్ వాళ్లు చేసిన 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటు ఇచ్చేవాళ్లు, జనంలో ఎక్కువమందికి ఓటే లేదు. 1946లో ఆ కొద్దిమంది ఎన్నుకున్న రాష్ట్ర శాసనసభల సభ్యులే రాజ్యాంగ సభకి ప్రతినిధుల్ని పంపారు. ఆ రాజ్యాంగ సభ కూర్చుని 326వ అధికరణం రాసింది, వయసు వచ్చిన ప్రతి మనిషికీ ఓటు అని. తమని గెలిపించిన గేటుని తామే పీకేశారు. వాళ్లకి పన్నుల లెక్క తెలియక కాదు. డెబ్భై అయిదేళ్ల తర్వాత మనం ఒక బొటనవేలు బొమ్మతో దాన్ని వెనక్కి ఇచ్చేద్దామంటున్నామా? కోపం వస్తోంది, దాచుకోను.

పన్ను తగ్గిస్తే ఖజానా నిండుతుందన్న మాట కొన్నిచోట్ల నిజం. 1970లలో బ్రిటన్‌లో పెట్టుబడుల మీద వచ్చే ఆదాయానికి పై శ్లాబులో నూటికి 98 పన్ను ఉండేది. అలాంటి చోట తగ్గిస్తే జనం దాచడం మానేసి చూపిస్తారు, ఒప్పుకుంటాను. మామూలు రేట్ల దగ్గర అది పనిచేయదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం 2012లో ఇదే నమ్మి భారీగా తగ్గించింది, ఖజానా నిండలేదు సరికదా బడులకీ రోడ్లకీ డబ్బు లేక, 2017లో గవర్నర్ సొంత పార్టీ సభ్యులే చాలామంది ప్రతిపక్షంతో కలిసి ఆయన వీటోని తోసిపుచ్చి ఆ కోతల్ని రద్దు చేశారు.

శవం మీద చిల్లర... ఈ మాట రాసినవాడికి మాటలు తెలుసు. చదవగానే కడుపులో తిప్పుతుంది. అయితే ఏ శవం? బ్రిటన్‌లో ఈమధ్య ఏళ్లలో చనిపోయినవాళ్లలో నూటికి అయిదుగురికన్నా తక్కువమంది ఆస్తి మీదే వారసత్వ పన్ను పడుతోంది. అమెరికాలో వెయ్యికి ముగ్గురు కూడా ఉండరు. అయినా ఆ రెండు దేశాల్లోనూ జనం బాగా అసహ్యించుకునే పన్నుల్లో ఇదొకటి. ఎప్పటికీ తమ గడప తొక్కని పన్నుని తలుచుకుని జనం వణికిపోతారు. "ఒకసారి కట్టిన డబ్బు మీద మళ్ళీ పన్నా" అంటారా, పెద్ద ఆస్తుల్లో చాలా భాగం కొన్నప్పటి ధరకీ ఇప్పటి ధరకీ మధ్య పెరిగిన విలువే. అమ్మకపోతే దానిమీద ఒక్కసారి కూడా పన్ను పడదు. అమెరికాలో అయితే మనిషి పోగానే పాత ధర చెరిపేసి ఆరోజు ధరే కొన్న ధర అనుకుంటారు, ఆ లాభం లెక్కల్లోంచే మాయమవుతుంది. అన్నట్టు మన దేశంలో 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ అనే వారసత్వ పన్ను 1985లోనే పోయింది, వచ్చే డబ్బు తక్కువ, గొడవలు ఎక్కువ అని తీసేశారు, అది సరైన కారణమే. ఇక్కడ లేని పన్ను మీద ఇక్కడివాళ్లు ఇంతమంది ఏడవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక మిగిలింది "డబ్బున్నవాళ్ల మీద వేస్తే పేదవాడికే తగులుతుంది" అన్న మాట. దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. చదివేకొద్దీ ఇందులో నిజం ఉందని ఒప్పుకోక తప్పలేదు. 1990లో అమెరికా చట్టసభ విలాస వస్తువుల మీద పన్ను పెట్టింది. లక్ష డాలర్లు దాటిన పడవల మీద, ఆ దాటిన మొత్తంపై నూటికి పది. ధనికులు పన్ను కట్టలేదు, పడవలు కొనడం మానేశారు, లేదా పాతవి కొనుక్కున్నారు. మాంద్యం కూడా తోడై, పడవలు తయారుచేసే చోట వడ్రంగులకి, వెల్డర్లకి పని పోయింది. 1993లో పడవల మీద ఆ పన్ను తీసేశారు. అంతకన్నా పాత ఉదాహరణ ఇంగ్లండ్‌లో కిటికీల పన్ను, 1696 నుంచి 1851 దాకా. ఎక్కువ కిటికీలుంటే ఎక్కువ పన్ను, పెద్ద ఇళ్లవాళ్లే కదా కట్టేది అనుకున్నారు. కానీ గది గదికీ ఒక కుటుంబం అద్దెకుండే పెద్ద భవనాల యజమానులు పన్ను తగ్గించుకోవడానికి కిటికీలకి ఇటుకలు పేర్చి మూసేశారు. ఇప్పటికీ అక్కడి పాత గోడల్లో కిటికీ ఆకారం, చుట్టూ రాతి అంచు, మధ్యలో ఇటుకలు కనిపిస్తాయి. పన్ను యజమాని పేరు మీద, చీకటి అద్దెకున్నవాళ్ల గదిలో.

కాబట్టి ఈ ఒక్క విషయంలో మెసేజ్ రాసినవాడు నాకన్నా ముందే ఉన్నాడు, కాదనను. పన్ను చేతులు మారుతుంది. కానీ ఈ మాట ఒప్పుకున్నాక మొదటి మాట ఎలా నిలబడుతుంది? ధనవంతుడి పన్ను జారి పేదవాడి మీద పడుతుందని మీరే రాశారు, ఆ పేదవాడు పన్నే కట్టడని కూడా మీరే రాశారు. రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి, మధ్యలో నాలుగు లైన్లు కూడా లేవు.

అన్నయ్యా, మీ జీతంలో కోత చూసి మీకు వచ్చే కోపం నాకు తెలుసు, నాకూ అదే కోత ఉంది. మన డబ్బు చేతికి రాకముందే పోతుంది, సొంత లెక్కలు రాసుకునేవాడు చూపించిందే ఆదాయం. ఇది నూటికి నూరుపాళ్లు అన్యాయం. దానిమీద మీరు ఒక మెసేజ్ రాయండి, నా పేరు కూడా పెట్టి పంపండి. ఇది మాత్రం నేను ఎవరికీ పంపను. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, ఇందులో ఎక్కడైనా తప్పు కనిపిస్తే ఫోన్ చేయండి.